ఫైట్లు చేసే అమ్మాయిల యానిమేషన్: అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండలో మా కాలనీ ఆడపిల్లలు కొందరు ఆదివారం పొద్దున మా ఇంట్లో కూడతారు. వారమంతా టీవీలోనో ఫోన్‌లోనో చూసిన యానిమేషన్ గురించి మాట్లాడుకుంటారు, బొమ్మలు గీస్తారు. కత్తి పట్టే, బాణం వేసే, గోడలు దూకే అమ్మాయిల కథలంటే వాళ్లకు ప్రాణం. నాకూ అంతే. వాళ్ల తల్లులు, నానమ్మలు, అప్పుడప్పుడు నాన్నలు అడిగే ప్రశ్నలకు జవాబులన్నీ ఇక్కడ ఒక్కచోట రాసి పెడుతున్నాను. పాలమూరు వైపు నుంచి ఫోన్ చేసి అడిగేవాళ్లకు కూడా ఇదే పంపుతాను.

గట్టి హీరోయిన్ అంటే ఎవరు? ఎక్కువ మందిని కొట్టిన అమ్మాయా?

కాదు. నేను చూసేది ఒక్కటే. ఆ బలం ఆమెకు ఎట్లా వచ్చిందో కథ చూపించిందా, లేదా?

1998లో డిస్నీ తీసిన 'మూలాన్'లో ఒక ఘట్టం ఉంది. సైనిక శిబిరంలో ఎత్తైన స్తంభం పైకి సేనాని బాణం కొడతాడు. రెండు చేతులకూ బరువైన రెండు పతకాలు కట్టుకుని పైకెక్కి ఆ బాణం తీసుకురావాలి. ఒకటి క్రమశిక్షణకు గుర్తు, ఇంకొకటి బలానికి. ఒక్క మగవాడూ ఎక్కలేకపోతాడు. మగవేషంలో సైన్యంలో చేరిన మూలాన్ కూడా పడిపోతుంది, ఇంటికి వెళ్లిపొమ్మంటారు. ఆ రాత్రి ఆమె మళ్లీ ప్రయత్నిస్తుంది. రెండు బరువులనూ స్తంభం వెనక నుంచి తిప్పి ఒకదానికొకటి ముడివేసి, ఆ ముడినే పట్టుగా చేసుకుని పైకి పాకుతుంది. తెల్లవారేసరికి స్తంభం కొనమీద కూర్చుని ఉంటుంది. కిందికి లాగుతున్న బరువే ఆమెను పైకి చేర్చింది. మా పిల్లలు ఈ ఒక్క ముక్కను వెనక్కి జరిపి మళ్లీ మళ్లీ చూస్తారు, ఆ ముడి ఎట్లా వేసిందో అర్థమయ్యేదాకా.

తర్వాత మంచుకొండల్లో శత్రుసైన్యం మీదికి వస్తున్నప్పుడు మిగిలిన ఒక్క తారాజువ్వను ఆమె శత్రునాయకుడి మీదికి కాకుండా కొండచరియ మీదికి వదులుతుంది. మంచు విరిగిపడి సైన్యమంతా కూరుకుపోతుంది. అది కూడా ఆ స్తంభం దగ్గర పనిచేసిన బుర్రే.

పుట్టుకతోనో, మందుతోనో, మంత్రంతోనో శక్తి వచ్చిన వాళ్లంటే నాకు కోపమేమీ లేదు. 1998లోనే కార్టూన్ నెట్‌వర్క్‌లో మొదలైన 'పవర్‌పఫ్ గర్ల్స్'లో బ్లాసమ్, బబుల్స్, బటర్‌కప్‌లకు బలం కెమికల్ ఎక్స్ అనే రసాయనం వల్ల వచ్చింది. ఐదారేళ్ల పిల్లలకు అది మంచి సరదా. పదేళ్లు వచ్చాక మాత్రం నేర్చుకోవడాన్ని చూపించే కథ కావాలి.

మొదటగా ఏది చూపించాలి?

'అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్'. 2005 నుంచి 2008 వరకు నికెలోడియన్‌లో వచ్చింది. మూడు సీజన్లు, 61 ఎపిసోడ్లు. నీలిరంగు మనుషులుండే సినిమాతో దీనికి సంబంధం లేదు, చాలామంది పొరబడుతున్నారు కాబట్టి చెబుతున్నాను. ఇందులో కొందరు మనుషులు నీటిని, మట్టిని, నిప్పును, గాలిని తమ కదలికలతో ఆడిస్తారు.

ఇందులో టోఫ్ అనే పన్నెండేళ్ల పిల్ల ఉంది. పుట్టు గుడ్డిది. గొప్పింటి బిడ్డ. చూపు లేని పిల్లకు ఏమవుతుందోనని తల్లిదండ్రులు ఆమెను లోకానికి కనపడకుండా కోటలాంటి ఇంట్లో పెంచుతారు. ఆమె మాత్రం భూమి కింద బొరియలు తవ్వే గుడ్డి జంతువుల దగ్గర మట్టివిద్య నేర్చుకుంది. చెప్పుల్లేని పాదాలతో నేలలోని కదలికలను పసిగట్టి, ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఎటు కదలబోతున్నారో చెప్పేస్తుంది. రాత్రిపూట దొంగచాటుగా కుస్తీ పోటీలకు వెళ్లి కండలు తిరిగిన మగవాళ్లను నేలకరిపిస్తుంది.

ఇక్కడిదాకా చెబితే మామూలు సూపర్ హీరో కథే అనిపిస్తుంది. ఆమెకు ఏది చేతకాదో కూడా ఈ కథ దాచకుండా చూపిస్తుంది, అదే దీని గొప్ప. ఇసుకలో ఆమెకు అంతా మసక. గాలిలో ఎగిరే జంతువు మీద కూర్చుంటే ఏమీ తెలియదు, ఎవరిదో చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది. ఒకసారి అరికాళ్లు కాలితే పాకుతూ తప్పించుకుంటుంది. రెండో సీజన్ చివర్లో ఆమెను ఇనుప పెట్టెలో బంధిస్తారు. మట్టి లేదు కాబట్టి పని అయిపోయిందనుకుంటారు. ఆమె అరచేతులతో ఆ రేకును తట్టి తట్టి, లోహంలో మిగిలిపోయిన సన్నని మట్టి రేణువులను పట్టుకుంటుంది. అప్పటిదాకా ఎవరివల్లా కాని పని అది. ఆ పెట్టెను చీల్చుకుని బయటికి వస్తుంది.

మొదట రాసుకున్నప్పుడు ఈ పాత్ర మగపిల్లవాడు. తర్వాత అమ్మాయిగా మార్చారు. స్వభావాన్ని మాత్రం మెత్తబరచలేదు. ఆమె ఉమ్ముతుంది, వెక్కిరిస్తుంది, స్నానమంటే చిరాకు పడుతుంది.

కటారా సంగతేమిటి? మా పాప ఆమె ఓడిపోయిందని ఏడ్చింది.

ఏడవనివ్వండి. కటారా 'అవతార్'లో నీటివిద్య ఉన్న అమ్మాయి. మొత్తం సిరీస్‌లో నాకు బాగా ఇష్టమైన పోరాటం అదే. ఉత్తర ధ్రువంలో ఉండే గురువు పక్కు ఆడవాళ్లకు వైద్యం తప్ప యుద్ధవిద్య నేర్పనంటాడు. కటారా ఆయన్నే సవాలు చేస్తుంది. గెలవదని ఆమెకూ తెలుసు. మంచు పలకలు విసురుతుంది, అల మీద నిలబడి ఎదురొస్తుంది, చివరికి మంచుముళ్ల మధ్య ఇరుక్కుని కదలలేకపోతుంది. అయినా తప్పయిందని ఆ నోట రాదు. అప్పుడు ఆమె మెడలోని పతకం కింద పడుతుంది. ఒకప్పుడు తాను పెళ్లాడాలనుకున్న అమ్మాయికి తానే చెక్కి ఇచ్చిన పతకమని ముసలి గురువు గుర్తుపడతాడు. ఆ అమ్మాయి కటారా నానమ్మ. ఈ కట్టుబాట్లు భరించలేకే ఆమె ఆ ఊరు విడిచి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి కటారాకు పాఠం మొదలవుతుంది.

ఆ ఫైట్లలో నిజం ఏమైనా ఉందా, అంతా గ్రాఫిక్సేనా?

నిజమైన విద్యలే ఉన్నాయి. 'అవతార్'కు సిఫూ కిసూ అనే యుద్ధవిద్యల గురువు సలహాదారు. నీటివిద్యకు తాయ్ చీ, మట్టివిద్యకు హుంగ్ గార్, నిప్పువిద్యకు ఉత్తర షావొలిన్, గాలివిద్యకు బాగువా. టోఫ్ ఒక్కతే దక్షిణ మాంటిస్ అనే వేరే పద్ధతిలో కదులుతుంది. అందుకే ఆమె అడుగులు మిగతావాళ్లలా ఉండవు. పిల్లలకు ఈ తేడా చెప్పి చూపిస్తే వాళ్ల కళ్లు వెంటనే పాదాల మీదికి వెళ్తాయి. 2021లో వచ్చిన 'రాయా అండ్ ది లాస్ట్ డ్రాగన్'లో కూడా ఆగ్నేయాసియా విద్యలను, ఇండొనేషియా సిలాత్, ఫిలిప్పీన్స్ అర్నిస్ లాంటివాటిని చూసి కదలికలు రాసుకున్నారు.

మనకూ కర్రసాము ఉంది. బోనాలప్పుడో పీర్ల పండగప్పుడో కర్ర తిప్పే పెద్దమనుషులు మీ ఊళ్లో ఇంకా ఉంటే పిల్లలను తీసుకెళ్లి చూపించండి. తెర మీద చూసిన తిప్పుడు ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది.

"గట్ల కొట్టుకునుడు చూస్తే పిల్ల ఖరాబు కాదా?" అని మా అమ్మ అడుగుతోంది.

ఆమె భయం ఊరికే వచ్చింది కాదు. దెబ్బ తగిలితే నొప్పి లేని, మనిషి పడిపోతే ఎవరూ వెనక్కి తిరిగి చూడని కథలు చాలా ఉన్నాయి. అవి వద్దు. దెబ్బకు నొప్పి, కోపానికి ఫలితం చూపించే కథలు ఎంచుకోండి. మొదటి రెండు మూడు ఎపిసోడ్లు పక్కన కూర్చుని చూడండి. మీ అమ్మగారిని కూడా కూర్చోబెట్టండి. మా ఇంటికి వచ్చే ఒక నానమ్మ ఇప్పుడు టోఫ్‌ను "ఆ గుడ్డిపిల్ల ఏం చేసిందే ఈ వారం" అని అడిగి మరీ తెలుసుకుంటుంది.

ఆడపిల్లకు ఇవన్నీ ఎందుకని మా అత్తమ్మ అంటుంది. ఏం చెప్పాలి?

మన జిల్లా పేరు చెప్పండి, చాలు.

నకిరేకల్ దగ్గర చందుపట్లలో ఒక రాతి శాసనం ఉంది. 1289 నవంబరు నాటిది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని పువ్వుల ముమ్మడి అనే ఆయన వేయించాడు. తిరగబడిన సామంతుడు కాయస్థ అంబదేవుడితో జరిగిన యుద్ధంలోనే ఆమె కన్నుమూసి ఉంటుందని చరిత్రకారులు దీని ఆధారంగా చెబుతారు. కాకతీయ సింహాసనం మీద కూర్చుని, పెద్ద వయసులో కూడా యుద్ధభూమికి కదిలిన మనిషి. ఆ రాయి నల్గొండ నుంచి గంట ప్రయాణం లోపే ఉంది. పిల్లలను తీసుకెళ్లండి.

ఇంకా దగ్గరి కాలానికి వస్తే, తుంగతుర్తి వైపు కర్విరాల కొత్తగూడెంలో 1931లో పుట్టిన మల్లు స్వరాజ్యం. భూస్వాముల ఇంటి బిడ్డ అయి ఉండీ కూలీల పక్షాన నిలబడింది. సాయుధ పోరాటంలో దళాన్ని నడిపింది. అడవుల్లో ఆమె పేరు రాజక్క. ఆమె తల మీద పదివేల రూపాయల వెల కట్టారు. తర్వాత తుంగతుర్తి నుంచి రెండుసార్లు ఎమ్మెల్యే అయింది. 2022లో చనిపోయేదాకా మాటలో ఆ పదును పోలేదు. పాలకుర్తి చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి, తాను పండించిన పంటను ఇంటికి చేర్చుకుంది.

వీళ్ల కథలు విని పెరిగిన ఇళ్లలో ఆడపిల్ల బాణం వేసే బొమ్మ చూస్తే తప్పెలా అవుతుంది? అత్తమ్మగారికి ఐలమ్మ కథ మనకంటే బాగా తెలిసి ఉంటుంది. ఆమెనే చెప్పమనండి.

మరి మనవాళ్ల మీద ఇలాంటి యానిమేషన్ ఎందుకు రావడం లేదు?

చేతకాక కాదు. 'ఛోటా భీమ్' తయారైంది హైదరాబాద్‌లోనే, గ్రీన్ గోల్డ్ యానిమేషన్‌లో. విదేశీ సినిమాలకు, సిరీస్‌లకు మన హైదరాబాద్ స్టూడియోల్లో ఏళ్ల తరబడి పని జరిగింది. పనివాళ్లున్నారు, యంత్రాలున్నాయి.

అడ్డం పడేది ఖర్చు, కాలం. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. గంటన్నర సినిమా అంటే 1,29,600 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములకు వాడుకున్నా 64,800 బొమ్మలు కావాలి. కంప్యూటర్ యానిమేషన్‌లో ఒక్కో బొమ్మ చేత్తో గీయకపోయినా, పాత్రను తయారుచేయడం, దుస్తులు, జుట్టు, వెలుతురు అన్నిటికీ నెలలు పడుతుంది. అంత డబ్బు పెట్టేవాళ్లు ఇప్పటికే పేరున్న దేవుడినో, భీముడినో ఎంచుకుంటారు. 2025లో 'మహావతార్ నరసింహ'ను తెలుగువాళ్లు థియేటర్లకు వెళ్లి మరీ చూశారు. యానిమేషన్ అంటే చిన్నపిల్లలదే అన్న మాట దాంతో కొంత తగ్గింది. ఇప్పుడైనా ఎవరో ఒకరు రాజక్క మీద తీయాలని నాకు గట్టి కోరిక. రెండు గంటలు అక్కర్లేదు, పది నిమిషాలు చాలు. నీళ్లు దాటుతూ తుపాకీ తడవకుండా తల మీద పెట్టుకున్న పదహారేళ్ల పిల్లను ఊహించుకుంటేనే నాకు సినిమా కనిపిస్తుంది.

ఛోటా భీమ్‌లో చుట్కీ ఉంది కదా?

ఉంది. తెలివైన పిల్ల, ధైర్యం ఉంది, కొన్ని కథల్లో ముందుకు దూకుతుంది కూడా. కానీ లడ్డూ తిని బలం తెచ్చుకునేది భీముడు, ఆ లడ్డూ అందించేది చుట్కీ. మా గుంపులో ఒక ఏడేళ్ల పిల్ల "లడ్డూ చుట్కీ ఎందుకు తినదు?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

మా అమ్మాయి స్నేహితురాలు ముస్లిం. వాళ్లింట్లో కూడా ఒప్పుకునేది ఏదైనా ఉందా?

'బుర్ఖా అవెంజర్' చూడమనండి. 2013లో పాకిస్తాన్‌లో మొదలైంది. గాయకుడు హారూన్ రూపొందించాడు. ఉర్దూలో ఉంటుంది కాబట్టి మన నల్గొండ, పాలమూరు ముస్లిం ఇళ్లలో సబ్‌టైటిల్ అవసరమే రాదు.

హల్వాపూర్ అనే ఊళ్లో జియా అనే టీచరమ్మ. ఊళ్లో ఆడపిల్లల బడి మూయించాలని ఒక అవినీతి నాయకుడు, మతం పేరు చెప్పుకునే బాబా బందూక్ చూస్తుంటారు. జియా నల్ల బుర్ఖా వేసుకుని వాళ్లను ఎదిరిస్తుంది. ఆమె ఆయుధాలు పుస్తకాలు, కలాలు. కలం బాణంలా దూసుకుపోతుంది, పుస్తకం వెళ్లి దుండగుడి నుదుటికి తగులుతుంది. ఆ విద్య పేరు తఖ్త్ కబడ్డీ, నేర్పింది ఆమెను పెంచిన తండ్రి. మామూలు రోజుల్లో, బడిలో పాఠం చెప్పేటప్పుడు ఆమె బుర్ఖా వేసుకోదు. మనిషిని గుర్తుపట్టకుండా ఉండటానికే అది. 2013 సంవత్సరానికి దీనికి అమెరికాలో ఇచ్చే పీబడీ అవార్డు వచ్చింది. ఎంచుకోమంటే అవతార్ తర్వాత నేను దీన్నే ఎంచుకుంటాను. బడికి పోవడం కోసం కొట్లాట అంటే ఏమిటో మన పిల్లలకు విడమరచి చెప్పనక్కర్లేదు. తల్లిదండ్రులు వలస పోతే మధ్యలో బడి మానేసిన ఆడపిల్లలు పాలమూరులో ప్రతి ఊళ్లో ఎవరో ఒకరికి తెలుసు.

ఈ హీరోయిన్ల బట్టలు చూస్తే ఇబ్బందిగా ఉంటుంది.

కొన్నిటి విషయంలో మీ ఇబ్బంది న్యాయమే. పోరాడే మనిషికి ఆ బట్టలు పనికొస్తాయా అని చూడండి, సగం సంగతి తేలిపోతుంది. 2012లో పిక్సార్ తీసిన 'బ్రేవ్'లో, పెళ్లికొడుకును తేల్చే బాణాల పోటీ రోజున మెరిడాకు తల్లి బిగుతు గౌను తొడుగుతుంది. విల్లు లాగబోతే చెయ్యి లేవదు. భుజం దగ్గర, వీపు దగ్గర కుట్లు పటపటా తెగేలా ఒళ్లు వంచి, అప్పుడు బాణం ఎక్కుపెడుతుంది. చివరి గురిలో అప్పటికే నడిబొడ్డున దిగిన పెళ్లికొడుకు బాణాన్ని నిలువునా చీలుస్తుంది. బట్ట బిగుతు ఎందుకు తప్పో ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు. పిక్సార్‌లో అమ్మాయి ప్రధాన పాత్రగా వచ్చిన మొదటి సినిమా ఇది.

1985 నాటి 'షీ-రా'ను 2018లో కొత్తగా చేసినప్పుడు ఆమెకు పొట్టి గౌను కింద నిక్కరు తొడిగి, పదహారేళ్ల పిల్లలా గీశారు. అందంగా లేదని కొందరు పెద్ద మగవాళ్లు గొడవ చేశారు. ఆ కథ వాళ్ల కోసం తీసింది కాదు.

ఏవి చిన్నపిల్లలకు చూపించకూడదు?

'ఆర్కేన్' 2021లో వచ్చింది, వై, జింక్స్ అనే అక్కాచెల్లెళ్ల కథ. ఫ్రాన్స్‌లోని ఫోర్టిష్ స్టూడియో గీసిన తీరు అద్భుతం. కానీ రక్తం, చావులు, మనసును పిండేసే సంగతులు చాలా ఉన్నాయి. పదహారు దాటాకే. 'ఘోస్ట్ ఇన్ ది షెల్' (1995) పూర్తిగా పెద్దలకు. జపాన్ దర్శకుడు మియాజాకీ తీసిన 'ప్రిన్సెస్ మొనొనొకే' (1997)లో బాణం తగిలి చేతులు తెగిపడతాయి, పదమూడు దాటనివ్వండి. దాటాక మాత్రం తప్పక చూపించండి. అడవి కోసం పోరాడే సాన్, ఎవరూ చేరదీయని ఆడవాళ్లకు, కుష్ఠురోగులకు పని ఇచ్చి ఊరు నడిపే ఎబోషి, ఇద్దరూ ఎదురెదురుగా కత్తులు దూస్తారు. ఎవరిది తప్పని మీ పిల్లలు మిమ్మల్ని అడుగుతారు, మీరు జవాబు చెప్పలేరు.

ఓటీటీలో ప్రతి దానికీ యూ, యూఏ 7+, 13+, 16+, ఏ అని గుర్తు ఉంటుంది. పిల్లల పేరు మీద వేరే ప్రొఫైల్ పెట్టి, మీ ప్రొఫైల్‌కు పిన్ పెట్టుకోండి.

తెలుగులో దొరుకుతాయా?

కొన్ని. 2023 నాటి 'స్పైడర్‌మ్యాన్: అక్రాస్ ది స్పైడర్‌వర్స్' తెలుగులో విడుదలైంది. అందులో గ్వెన్ అనే స్పైడర్ అమ్మాయిని చూడండి, కథ మొదలయ్యేదే ఆమెతో. 'ఫ్రోజెన్ 2'లో ఎల్సాకు తెలుగులో నిత్యా మీనన్ గొంతు ఇచ్చింది. మిగతావాటికి ఓటీటీలో ఆడియో అని ఉన్నచోట నొక్కి చూడండి. లేకపోతే ఇంగ్లీష్‌లోనే చూడనివ్వండి, ఫైట్‌కు భాష అక్కర్లేదు. నెట్ సరిగా రాని ఊళ్లలో వైఫై ఉన్నచోట డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

మా బాబు అమ్మాయిల కార్టూన్ చూడనంటున్నాడు.

'అవతార్' నాలుగో ఎపిసోడ్ పెట్టండి. సొక్కా అనే అబ్బాయి, అమ్మాయిలు ఏం కొడతారులే అని క్యోషీ ద్వీపంలో నోరు పారేసుకుంటాడు. అక్కడి ఆడ యోధుల నాయకురాలు సుకీ చేతిలో చిత్తుగా ఓడి, చివరికి మోకాళ్ల మీద కూర్చుని నేర్పించమని అడుగుతాడు. నేర్పుతాను, మా ఆడవాళ్ల దుస్తులు, ముఖానికి రంగు వేసుకోవాల్సిందే అంటుంది ఆమె. వేసుకుంటాడు. మా తమ్ముడి కొడుకు ఇది చూశాకే దారిలోకి వచ్చాడు.

మా పాపకు 'అవతార్'లో విలన్ అజూలానే నచ్చుతోంది. టెన్షన్‌గా ఉంది.

టెన్షన్ పడకండి. నీలం మంట వేసే ఆ పిల్ల అందరికంటే నేర్పరి, ఎవరికైనా నచ్చుతుంది. చివరి ఎపిసోడ్ల దాకా చూడనివ్వండి. తప్పే చేయకూడదని పెంచిన పిల్ల చివరికి ఎట్లా ఒంటరిదై విరిగిపోతుందో అక్కడ ఉంది. ఫస్ట్ ర్యాంకు కోసం పిల్లలను వేధించే తల్లిదండ్రులు కూడా ఆ భాగం చూస్తే మంచిది.

ఇవి చూసి కరాటేలో చేరతానంటోంది. చేర్చాలా?

చేర్చండి. సమగ్ర శిక్ష కింద ప్రభుత్వ బడుల్లో ఆరు నుంచి పన్నెండు తరగతుల ఆడపిల్లలకు ఆత్మరక్షణ శిక్షణ పథకం ఉంది. మీ బడిలో జరుగుతోందా అని హెడ్‌మాస్టర్‌ను అడగండి, జరగకపోతే ఎందుకు జరగట్లేదో కూడా అడగండి. బయట చేర్చేటట్టయితే మొదటి రోజు వెళ్లి కూర్చుని చూడండి. ఎట్లా పడాలో ముందు నేర్పే మాస్టారు మంచి మాస్టారు.

తన సొంత హీరోయిన్‌ను గీయాలనుకుంటోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

పాత నోటుబుక్కు మూలల్లో. ఒక్కో పేజీ మూలన ఒక్కో బొమ్మ, కొంచెం కొంచెం మారుస్తూ 24 బొమ్మలు గీసి గబగబా తిప్పితే రెండు సెకన్ల కదలిక వస్తుంది. మొదట కర్ర ఎత్తడం గీయమనండి, కొట్టడం తర్వాత. ఎత్తేటప్పుడు ఒంటి బరువు వెనక కాలి మీదికి పోవాలి, అది రాకపోతే దెబ్బలో బలం ఉన్నట్టు కనపడదు.

కంప్యూటర్ ఉంటే యానిమేషన్ చేసే బ్లెండర్, బొమ్మలు గీసే క్రిటా సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితం. 2025లో ఆస్కార్ తెచ్చుకున్న లాత్వియా సినిమా 'ఫ్లో' బ్లెండర్‌లోనే చేశారు. ఇంటర్ అయ్యాక చదువుగా తీసుకోవాలంటే హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) యానిమేషన్‌లో బీఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, ఉంది, నాలుగేళ్లు. ప్రవేశ పరీక్షలో బొమ్మ గీయాల్సి ఉంటుంది కాబట్టి టెన్త్ నుంచే రోజూ పెన్సిల్ పట్టించండి. మనుషులను చూసి గీయడం అలవాటు చేయండి. బస్టాండులో, కూరగాయల మార్కెట్‌లో బరువు ఎత్తే ఆడవాళ్లు ఎక్కడ చూసినా కనిపిస్తారు. తట్ట తలకెత్తుకునే ముందు వాళ్లు మోకాలు ఎట్లా వంచుతారో, నడుము ఎక్కడ నిలుపుతారో గీయమనండి.